సిన్నోని తాడు ఆరు ఫీట్లు

మా ఊర్లె కుక్కకు తాడు కడితే ఆ కుక్క ఏదో తప్పు జేసినట్టు లెక్క. కరిసే దానికే గొలుసు ఏస్తరు. మిగిలినయన్ని ఊరి మీద తిరిగి తిరిగి మాపటికి ఎవరి వాకిట్లకు వాళ్లది అచ్చి పంటది. నేను అది జూసుకుంటనే పెరిగిన. గందుకే టెక్సస్‌ల మొదటిసారి మా కుక్కను స్టేట్ పార్కుకు తోలుకపోయిననాడు నాకు మస్తు కోపమచ్చింది. గేటు కాడ కూసున్న పెద్దామె నా దిక్కు సూడలే, నా చేతిల తాడు దిక్కు సూసింది. ఎంత పొడుగున్నదని అడిగింది. పదిహేను ఫీట్లని చెప్పిన. ఆరు ఫీట్లు దాటద్దన్నది. సగం తాడు చేతికి చుట్టుకోని లోపటికి పోయిన గని, కడుపుల మాత్రం గింత పెద్ద అడివి పెట్టుకోని గా తొమ్మిది ఫీట్ల కాడ ఏం లొల్లి వీళ్లకు అనుకున్న.

ఆ తొమ్మిది ఫీట్ల ముచ్చటే ఇయ్యాల చెప్పాలనుకుంటున్న. నౌకరి మీద ఈడికచ్చి కొన్ని యేండ్లయింది. మూడేండ్ల సంది సిన్నోనితోని పార్కులు తిరుగుతున్న. సిన్నోడంటే మా కుక్క. కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్నం. ఏ జాతో వాళ్లకూ తెల్వదు, మాకూ తెల్వదు. నల్లగుంటడు, ఛాతి మీద తెల్లమచ్చ. మన దిక్కు లెక్క టామీ అని పెడదామనుకుంటే, ఈడ టామీ అంటే మనిషి పేరు, పక్కింటాయన పేరు అదే. గందుకే సిన్నోడన్నం. ఈడోళ్లకు నోరు తిరగక "చినో" అంటరు. దేనికైనా తోక ఊపుతడు.

ముందుగాల స్టేట్ పార్కంటే ఏందో చెప్త. మన దగ్గర ఆ పేరుతోని ఏదీ లేదు. మనకున్నయి నేషనల్ పార్కులు, అభయారణ్యాలు, పులుల రిజర్వులు. ఇవన్ని 1972 వన్యప్రాణి చట్టం కింద ఉంటయి. పట్నం నడిమిట్ల ఉన్న కేబీఆర్ పార్కు సుత చట్టం లెక్కల నేషనల్ పార్కే. ఆడికి పొద్దుగాల కుక్కను పట్టుకోని పోయినోళ్లు గోడ బయట తొవ్వ మీదనే తిప్పాలె. అమెరికల రెండు తీర్లున్నయి. నేషనల్ పార్కులు కేంద్ర సర్కారువి, అండ్ల రూల్స్ గట్టిగుంటయి. టెక్సస్‌ల బిగ్ బెండ్ అని పెద్ద నేషనల్ పార్కున్నది. ఆడ కుక్క కారు పోయే తొవ్వ దాక, డేరాలేసుకునే జాగ దాకనే పోవాలె, కాలిబాట మీద కాలు పెట్టద్దు. స్టేట్ పార్కులు రాష్ట్ర సర్కారువి. ఇండ్ల చాలా కాలిబాటల మీద కుక్కను తిప్పుకోవచ్చు. టెక్సస్‌ల ఇసొంటియి 80కి పైన ఉన్నయి. సాలుకు 70 డాలర్ల పాసు తీసుకుంటే కారుల ఎంతమందున్నా లోపటికి పంపుతరు. కుక్కకు టికెట్టే లేదు.

ఇనేటందుకు అగ్గువనే ఉన్నది. గని ఆ పార్కులు లేకపోతే ఈడ మనిషైనా కుక్కైనా నడిచే జాగ దొరకదు. టెక్సస్ మన తెలంగాణ అసొంటియి ఆరు కలిపినంత ఉంటది. అండ్ల 95 శాతం పైన భూమి ప్రైవేటోళ్లదే. పట్నం దాటితే రోడ్డుకు రెండు దిక్కుల ముళ్లకంచె మైళ్లకు మైళ్లు పోతనే ఉంటది. గుట్ట కనవడ్తది, ఎక్కరాదు. వాగు కనవడ్తది, దిగరాదు. నేను అచ్చిన కొత్తల కారు ఆపి ఒక వాగు దిక్కు నడుద్దామని కంచె కాడికి పోతే పక్కనున్న దోస్తు రెక్క వట్టి ఎనుకకు గుంజిండు. "ఇది నీ ఊరనుకున్నవారా" అన్నడు. మా ఊర్లె సెంటు భూమి లేనోడు సుత గొర్లను తోలుకోని గుట్టకు పోతడు, ఎవ్వడూ అడుగడు. బంచరాయి అంటే గదే కదా, ఊరందరి జాగ. ఈ స్టేట్ పార్కులు వీళ్లు పైసలు పెట్టి, కంచెల నడుమ కాపాడుకున్న బంచరాయి అని నాకు మెల్లగ సమజైంది.

ఇది ఎట్ల మొదలైందో సుత ఇనుండ్రి. 1923ల ప్యాట్ నెఫ్ అనే గవర్నర్ స్టేట్ పార్కుల బోర్డు పెట్టించిండు. ఆయన తల్లి ఇసబెల్లా నెఫ్ తన భూమిలకెల్లి ఆరెకరాలు జనానికి ఇడిసిపెట్టింది. ఇప్పుడది మదర్ నెఫ్ స్టేట్ పార్కు. బోర్డు పుట్టింది గని పైసలు లెవ్వు, పార్కులు కాయితం మీదనే ఉన్నయి. తర్వాత పదేండ్లకు కరువు, బేరోజ్‌గారీ. 1933ల ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పనిలేని పోరగాళ్లకోసం ఒక దళం పెట్టిండు, సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అని పేరు. నెలకు 30 డాలర్ల జీతం. అండ్ల 25 డాలర్లు సీదా ఇంటికే పంపుతరు, పోరని చేతికి అయిదు. మన ఉపాధి హామీ పని యాదికస్తలేదా? ఆ పోరగాళ్లు గుట్టలల్ల తొవ్వలు తీసిండ్రు, రాళ్లు సెక్కి గదులు కట్టిండ్రు, చెట్లు పెట్టిండ్రు. 1942 దాక పని నడిచింది. ఇయ్యాల సిన్నోడు నడిచే మెట్లల్ల చానా మట్టుకు వాళ్ల చేతి పనే. 90 యేండ్లయినా ఒక్క రాయి కదలలే.

ఒక ముచ్చట దాసుకోవద్దు. గా దళంల నల్లజాతి పోరగాళ్లు సుత పని చేసిండ్రు. పాలో డ్యూరో కాన్యన్‌ల రాళ్లు మోసినోళ్లల్ల వాళ్లున్నరు. గని తయారైన పార్కులల్ల చానా వాటికి నల్లోళ్లను రానియ్యలే. 1964 పౌర హక్కుల చట్టం అచ్చినంకనే అన్ని గేట్లు అందరికి తెరుసుకున్నయి. బాయి తవ్వినోనికి ఆ బాయి నీళ్లు ఇయ్యని ఊర్లు మనకేం కొత్త గాదు. గందుకే ఊరందరి జాగ అన్నప్పుడల్లా అందరంటే ఎవరని అడుగుడు నాకు అలవాటైంది.

సరే, సిన్నోని కాడికత్త.

మొదట్ల నా కోపం అంతా ఎన్‌ఛాంటెడ్ రాక్ కాడ బయటికచ్చింది. ఆస్టిన్‌కు పడమటి దిక్కు ఉంటది. గులాబి రంగు గ్రానైట్ గుట్ట, ఒకటే రాయి, చుట్టుపక్కల నేల మీదికెల్లి 425 ఫీట్లు లేస్తది. సూడంగనే నాకు భువనగిరి యాదికచ్చింది, ఖిలా ఒక్కటే తక్కువ. గా రాయి మీదికి కుక్కను ఎక్కనియ్యరు. సుట్టు తిరిగే తొవ్వ మీద తిప్పుకోవచ్చు, శిఖరం తొవ్వ మీద వద్దని బోర్డున్నది. కుక్కను ఒంటరిగ కట్టేసి పోవుడు సుత రూల్‌కు ఇరుద్ధం. ఇగ ఏం జేస్తం, నేను కింద సిన్నోనితోని ఉంటే నా భార్య ఎక్కి దిగింది, ఆమె కింద ఉంటే నేను ఎక్కిన. ఒట్టి రాయి మీద కుక్క నడిస్తే రాయికి ఏమైతదని మీద దాక గొణుక్కుంటనే పోయిన.

మీదికి పోయినంక తెలిసింది. రాయి ఒట్టిగ లేదు. దాని మీద గిన్నెల లెక్క గుంతలున్నయి. వానలు పడితే నీళ్లు నిల్చి, కొన్ని దినాలకు ఆరిపోతయి. ఆ కొన్ని దినాలల్లనే వాటిల సన్నటి రొయ్యలసొంటి పురుగులు పుడతయి, పెరుగుతయి, గుడ్లు పెట్టి సస్తయి. గుంత ఎండినా గుడ్లు మట్టిల బతికుంటయి, మల్ల వాన పడేదాక ఆగుతయి. ఒక కుక్క పోయి గా గుంతల పొర్లి, నీళ్లు తాగి, అండ్లనే ఉచ్చపోసిందనుకో, దూపైన కుక్క చేసేది గదే గదా, దాంతోని ఆ గుంత పని అయిపోయినట్టే. ఒక్క సిన్నోడైతే ఏం గాదు. దినాం వందమంది వంద సిన్నోళ్లను తెస్తే ఏమైతది? బోర్డు పెట్టినోడు లెక్క జేసింది ఒక కుక్కను గాదు, వందను. కిందికి దిగినంక నా భార్య "కోపం తగ్గిందా" అని అడిగింది. సగం తగ్గిందన్న.

మిగిలిన సగం బ్రాజోస్ బెండ్‌ల పోయింది. హ్యూస్టన్‌కు దక్షిణం దిక్కు ఉంటది ఆ పార్కు, చెర్ల నడుమ కట్టల మీద తొవ్వ. అచ్చం మా ఊరి చెర్వు కట్ట లెక్కనే, తుంగ, తామరాకులు, కొంగలు. తేడా ఒక్కటే, ఆ చెర్లల్ల మొసళ్లుంటయి. ఈడోళ్లు అలిగేటర్లంటరు. 30 ఫీట్ల దూరముండాలని, కుక్కలను నీళ్ల కాడికి రానియ్యద్దని బోర్డులున్నయి. పొద్దుగాల సల్లగుండె, జనం లేరు. నేను తాడు కొద్దిగ సడలిచ్చిన. ఒక కొంగ లేసింది. సిన్నోడు ఒక్కసారే కట్ట దిగి నీళ్ల దిక్కు గుంజిండు. తాడు గట్టిగ బిగిసి నా భుజం ఊడినంత పనైంది. వానికి నీళ్లకు నడుమ నాలుగు ఫీట్లుందో లేదో. గప్పుడు నీళ్లల్ల మొద్దు అనుకున్నది కన్ను తెరిసింది. లేవలే, ఉరకలే, ఉట్టిగ చూసింది. గంతే. నాకు కాళ్లల్ల వణుకు పుట్టింది. సిన్నోనికి మాత్రం ఏం తెల్వలే, కొంగ ఏడ పోయిందో అని ఆకాశం దిక్కు సూస్తున్నడు.

నా దగ్గరున్నది పాత తాడైతే? పదిహేను లకెల్లి ఆరు తీసేస్తే తొమ్మిది. నాలుగు ఫీట్ల దూరంల ఉన్న మొసలికి తొమ్మిది ఫీట్లంటే లెక్క మీరే జేసుకోండ్రి. ఆరు ఫీట్లల్ల కుక్క నా చేతికి అందుతది, నా కంటికి కనవడ్తది, ఎదురుంగ అచ్చే పిల్లగాని మీదికి దుంకకుంట ఆపొచ్చు. పొదల పామున్నదనుకో, ఈడ గిలక పాములు మస్తు, పామును నేను సూసేసరికి కుక్క అండ్ల మూతి పెట్టకుంటుంటది.

ఎండ ముచ్చట మనకు చెప్పనక్కర లేదు అనుకుంటం గని, నేను తప్పు జేసింది ఆడనే. ఉత్తరం దిక్కు పాలో డ్యూరో అని పెద్ద లోయ ఉన్నది, ఎర్రటి మట్టి, ఎర్రటి గుట్టలు, అమెరికల గ్రాండ్ కాన్యన్ తర్వాత పెద్దది ఇదే అంటరు. అండ్ల లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాక పోయి రావాలంటే ఆరు మైళ్లకు దగ్గర, నీడ లేదు. ఎండదెబ్బకు మనుషులు, కుక్కలు ఎక్కువ పడిపోయేది ఆ తొవ్వ మీదనే అని పార్కోళ్లే రాసి పెట్టిండ్రు. మే నెలల పోయినం. నిజామాబాద్ ఎండ సూసినోన్ని, ఇది ఒక ఎండనా అనుకున్న. మైలున్నర కాడ సిన్నోడు కూలవడ్డడు. నాలుక బయటికి, కన్ను ఎర్రగ. మనకు ఒళ్లంత చెమట పడ్తది, కుక్కకు పాదాలల్ల తప్ప పట్టదు. రొప్పుడొక్కటే దానికున్న కూలర్. అవుతల గాలి ఉడుకుంటే ఆ కూలర్ పని చెయ్యదు. తెచ్చిన నీళ్లు పొట్ట మీద, కాళ్లకు పోసి, ఎత్తుకోని ఎనుకకు తిరిగిన. ముప్పై కిలోల కుక్క. గా దినం నుంచి ఒక అలవాటు, నేల మీద అరచెయ్యి ఎనుక దిక్కు పెట్టి ఏడు లెక్కపెడత. చెయ్యి కాలితే కుక్క పాదం సుత కాల్తది, ఇంటికి మళ్లుడే. మన సీసీ రోడ్ల మీద ఏప్రిల్‌ల ఒక్కసారి పెట్టి సూడుండ్రి.

ఇంకోటి నీళ్లు. ఎండకాలం నిల్వ నీళ్ల మీద ఆకుపచ్చగ, నీలంగ నాచు కడ్తది కదా. అన్ని గాదు గని కొన్ని తీర్ల నాచుల ఇషం ఉంటది. 2019 ఆగస్టుల ఆస్టిన్ పట్నంల లేడీ బర్డ్ లేక్ అనే చెర్వుల ఈదిన కుక్కలు గంటలల్ల సచ్చిపోయినయి. మన చెర్లల్ల సుత పచ్చగ పేరుకున్న నీళ్లు పశువులను తాగనియ్యద్దని పెద్దలు అనేటోళ్లు. మా తాత అంటే నవ్వేటోన్ని.

అన్ని గిట్ల భయపెట్టే ముచ్చట్లే గావు. డైనోసార్ వ్యాలీ అని ఫోర్ట్ వర్త్‌కు నైరుతి దిక్కు పలక్సీ వాగున్నది. వాగు ఎండితే అడుగున రాతి మీద డైనోసార్ల అడుగులు కనవడ్తయి. 11 కోట్ల యేండ్ల కిందటియి. మూడు ఏళ్ల అడుగులు వేటాడే దానియి, గంగాళం అంత గుండ్రటియి ఆకులు తినే దానియి. సిన్నోడు ఒక గంగాళంల నిలిచిన నీళ్లల్ల కూసోని లేవనే లేదు. చుట్టు పిల్లలు నవ్వుడు. ఈడోళ్లకు నేను చెప్పిన, మా దిక్కు సుత డైనోసార్ ఉన్నదని. అవ్, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి కాడ దొరికిన బొక్కలతోనే కోటాసారస్‌ను నిలవెట్టిండ్రు, హైద్రాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంల ఉన్నది. మనోళ్లు ఎంతమంది సూసిండ్రో.

ఇగ అసలు ముచ్చట. డాలస్‌కు హ్యూస్టన్‌కు నడుమ ఫేర్‌ఫీల్డ్ లేక్ అని ఒక స్టేట్ పార్కుండె. నేను ఆడికి పోదామని అనుకునేలోపే మూతవడ్డది. 1976ల తెరిసిన పార్కు, 1,800 ఎకరాలకు పైన. బొగ్గు కరెంటు ప్లాంటును సల్లగ ఉంచేటందుకు కట్టిన చెర్వు అది. భూమి కంపెనీది, సర్కారు ఉట్టిగ లీజుకు తీసుకోని పార్కు నడిపింది. 2018ల ప్లాంటు బందయింది. కంపెనీ చెర్వుతోని సహా భూమంతా అమ్మకానికి పెట్టింది. 2023ల ఒక బిల్డర్ కొన్నడు, గోల్ఫ్ ఆడుకునే పెద్దోళ్లకు గేటు కట్టి ఇండ్లు కడతా అన్నడు. జనం మొత్తుకున్నరు. జూన్ల పార్కును మూసేసిండ్రు. పార్కుల శాఖ భూసేకరణ చేస్తమన్నది, ధర కట్టించేసరికి 41 కోట్ల డాలర్లు దాటింది. యేడు దాటకముందే శాఖ చేతులెత్తేసింది. యాభై యేండ్ల దగ్గర జనం చేపలు పట్టిన చెర్వు, ఒక్క కాయితంతోని ప్రైవేటైంది. ఎందుకంటే మొదట్ల కాయితమే జనం పేరు మీద లేకుండె.

అదే సాలు నవంబర్‌ల ఓట్లు పెట్టిండ్రు, కొత్త పార్కుల భూమి కొనేటందుకు వంద కోట్ల డాలర్ల నిధి పెట్టాలా వద్దా అని. జనం పెట్టాలన్నరు, నిధి వెట్టిండ్రు. పన్నులంటే ఒంటికాలి మీద లేచే రాష్ట్రం ఇది. అసొంటి జనం పార్కులకు మాత్రం ఓటేసిండ్రు. ఫేర్‌ఫీల్డ్ దెబ్బ అందరికి తగిలిందని నేననుకుంట.

ఈ ముచ్చట సదివినప్పుడు నాకు మా గుట్ట యాదికచ్చింది. మాది కరీంనగర్ దిక్కు. మా ఊరికి తూర్పున ఒక గుట్ట ఉండె, సీతాఫలం చెట్లు, పైన చిన్న గుడి, కింద మేకలు మేసే పోరు. ఇప్పుడది సగమే ఉన్నది. మిగిలిన సగం గ్రానైట్ పలకలై లారీలెక్కిపోయింది. గుట్ట ఎవరి పేరు మీదున్నదో మాకెవ్వరికి తెల్వలే, ఊరిదే అనుకున్నం. అడిగేసరికి లీజు అయిపోయింది. నేను పంచాయితీని తిట్టుకుంట కూసోలే, నేనూ అడగలే కదా. ఇరవై రెండేండ్లోన్ని, ఫోను వట్టుకోని కూసునేటోన్ని.

గా మిగిలిన గుట్ట కిందనే మా టైగర్ సచ్చింది. టైగరంటే మా ఊరి కుక్క, ఎనిమిదేండ్లు మా కొట్టంల ఉన్నది. అడివి పందులు మక్కచేన్ల పడుతున్నయని ఒకాయన రాత్రి కరెంటు తీగ ఏసిండు. తెల్లారంగనే మా బాపు చేను కాడికి నీళ్లు పెట్టుడానికి పోతుంటే, టైగర్ ఎప్పటి లెక్కనే ముంగట ఉరికింది. ఇరవై అడుగుల ముంగట. బాపు సూసేసరికి పడున్నది. అది ముంగట లేకపోతే ఆ తీగ మీద కాలు పెట్టేటోడు మా బాపే. ఆ తీగ ఏసినాయన బాపు కాళ్లు మొక్కిండు, పెద్దమనుషులు కూసున్నరు, ముచ్చట ఆడనే సల్లవడ్డది. ఇట్ల తీగలకు మనుషులు, ఎడ్లు, పులులు సుత సచ్చిన వార్తలు మీరూ సదివే ఉంటరు. పంది పంటను ఆగం జేస్తదన్నది నిజమే, రైతు కడుపుమంట నిజమే. గని గట్టు మీద రాత్రి నడిచేటోళ్లు ఎవరో కరెంటుకు తెల్వదు.

గందుకే నాకు కుక్క, అడివి, తాడు అన్న మూడు మాటలు ఒక్కతాననే కనవడ్తయి. మన దిక్కు తమ్ముళ్లు కొందరు కుక్కలను తోలుకోని అడివిల పడ్తరు, కుందేలు దొరికితే రీలు తీసి పెడ్తరు. కవ్వాల్, అమ్రాబాద్ అసొంటి పులుల రిజర్వుల అది సీదా కేసే, వన్యప్రాణి చట్టం కింద జైలు. కేసు ముచ్చట పక్కకు పెట్టినా ఇంకోటున్నది. 2018 సెప్టెంబర్, అక్టోబర్‌ల గుజరాత్ గిర్ అడివిల 20కి పైన సింహాలు సచ్చిపోయినయి. వాటిల కనిపెట్టిన రోగాలల్ల ఒకటి డిస్టెంపర్. అది కుక్కల రోగం. ముక్కు కారుడు, కన్నుల పుసి, కొన్ని దినాలకు మూర్ఛ, కాళ్లు కొట్టుకునుడు. మన ఊర్లల్ల ప్రతి సాలు కుక్కపిల్లలు గట్ల సస్తనే ఉంటయి, దిష్టి తాకిందంటం. అదే రోగం మన అడివిల ఉండే రేచుకుక్కలకు పాకితే గుంపుకు గుంపే పోతది. పులికి సుత తగుల్తది.

వన్యప్రాణి చట్టంల అభయారణ్యం చుట్టు అయిదు కిలోమీటర్ల దాక పశువులకు టీకాలెయ్యాలని ఉన్నది. మంచి మాట. పశువులంటే ఏంటియో అదే చట్టంల లిస్టున్నది, బర్రె, ఎద్దు, ఒంటె, గాడిద, మేక, గొర్రె, పంది, బాతు, కోడి. అండ్ల కుక్క పేరు లేదు. అడివిలకు అందరికంటె ముందు ఉరికేది, అందరికంటె లోపటికి పోయేది కుక్క, లిస్టుల లేనిది అదే. నాకు తెలిసి ఇది సరిజేసుడు పెద్ద పనేం గాదు.

చట్టం మారేదాక ఆగే పని లేదు. రేబీస్ సూది జులై 6న పశువుల దవాఖానలల్ల ఉట్టిగనే ఏస్తుంటరు, ఊరి వాట్సాప్ గ్రూపుల ఒక్క మెసేజి పెడితే సాలు, వీధి కుక్కలను పట్టుకపోవుడు పోరగాళ్లకు ఆట లెక్క. డిస్టెంపర్, పార్వో రెండింటికి కలిసిన సూది ఉన్నది, పైసలైతయి గని బ్యాటు, బంతి అంత గావు. కుక్క కరిస్తే పసరు పెట్టుడు, కారం సల్లుడు బంద్ జేసి పదిహేను నిమిషాలు సబ్బుతోని కడిగి దవాఖానకు ఉరుకుండ్రి, సూదులు మొత్తం ఏపిచ్చుకోండ్రి, నడుమల ఇడువద్దు. రేబీస్ ముదిరినంక మందు లేదు.

ఇంకోటి, మీ ఊరి గుట్ట, బంచరాయి, చెర్వు శిఖం ఎవరి పేరు మీదున్నయో తహసీల్ ఆఫీసుల సర్వే నంబర్ చెప్పి అడుగుండ్రి. సమాచార హక్కు కింద ఆడ అర్జీ పెడితే అయిదు రూపాయలు. జవాబు తెలంగాణల ఏ దిక్కైనా ముప్పై దినాలల్ల రావాలె. ఫేర్‌ఫీల్డోళ్లు అడిగేసరికి 41 కోట్ల డాలర్లయింది.

పోయిన ఐతారం బాపుతోని ఫోన్ల మాట్లాడిన. కొత్త కుక్కపిల్ల అచ్చిందట, పక్క ఊరి నుంచి ఎవరో ఇడిసిపోయిండ్రట. పేరేందంటే టైగరే అన్నడు. సూది ఏపిచ్చినవా అంటే నవ్విండు. చేను కాడికి తోలుకపోతున్నవా అని అడిగిన.

"తోలుకపోతున్న బిడ్డా. తాడు కట్టిన."

ఎంత పొడుగున్నదే అంటే, "కొలిసిన్నారా, చేతికి అందేటంత ఉన్నది" అన్నడు. సిన్నోడు ఫోన్ల బాపు గొంతు ఇని చెవులు లేపిండు. నేను తాడు తీసేసరికి తలుపు కాడ నిలవడ్డడు, ఎండ తగ్గలే ఇంకా, బయట మెట్టు మీద చెయ్యి పెట్టి లెక్క మొదలువెట్టిన.